వంటింటి పొయ్యిలు, పాత్రలు: ఎంపిక, సంరక్షణ

డిసెంబరు మొదటి వారములో బరంపురములో సూర్యుడు సాయంత్రం సుమారు అయిదుంబావుకే అస్తమించును. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు నియమము గల ఇండ్లలో, మగవారు బజారు నుండి నాలుగున్నరకు వచ్చుసరికి రొట్టెలు, పప్పు, కూర సిద్ధముగా ఉండవలెను. ఆ సమయాన పొయ్యి మొండికెత్తినా, కుక్కరు రబ్బరు పాడైనా ఆ పూట ఉపవాసమే. కావున పొయ్యి, పాత్రల సంగతి ఆడవారిదని తోసివేయదగినది కాదు. అంగడిలో తరాజును దినమూ తుడిచి సరిచూచుకొనువారు ఇంటిలోని పొయ్యిని ఏడాదికొకమారైనా వంగి చూడరు.

వెనుకటి తరములో కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, తరువాత కిరసనాయిలు స్టౌ వచ్చినవి. మన దేశమున గ్యాసు బండ 1955లో బొంబాయిలో మొదలై క్రమముగా ఊరూరా వ్యాపించినది. పొయ్యి కొనునప్పుడు మెరుగు, అద్దపు పలక చూచి మోసపోరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా, బర్నరు ఇత్తడిదేనా, పెద్ద గుండిగ పెట్టినను కాళ్ళు కదలక నిలుచునా అన్నవి చూడవలెను.

మంట నీలముగా, నిలకడగా ఉన్నచో పొయ్యి బాగున్నట్లు. పసుపుపచ్చగా మండి గిన్నె అడుగున మసి పట్టినచో గ్యాసుతో గాలి సరిగా కలియుటలేదన్న మాట. బర్నరు రంధ్రములలో పొంగిన పాలు, పప్పు గట్టిపడుట ఒక కారణము. గాలి ప్రవేశించు గొట్టములో సాలీడు గూడు కట్టుట మరొకటి. ఆ గూటివలన మంట వెనుకకు తన్ని గొట్టములోనే మండుట కూడ కలదు. జైన గృహములలో పొయ్యి వెలిగించుటకు ముందు మెత్తని పూంజణితో తుడుచుట జీవరక్షణ కొరకు ఏర్పడిన ఆచారము. పొయ్యి బాగోగులకు కూడ ఆ ఆచారమే చాలును. కాని పైపలకను తుడిచి ఊరుకొనక, చల్లారియున్నప్పుడే బర్నరు ఎత్తి క్రిందిభాగము చూచిన గదా ఫలము!

గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలబారున పరచుకొనును. కావున బండను నిలువుగానే ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తున అమర్చవలెను. వాసన తగిలినచో రెగ్యులేటరు కట్టి, కిటికీలు, తలుపులు తెరువవలెనే గాని, దీపపు స్విచ్చి వేయరాదు, తీయనూ రాదు. రబ్బరు గొట్టమును అయిదేండ్లకొకసారి మార్చవలెను; పగుళ్ళు కనబడినచో ఆ గడువు వరకు ఆగనక్కరలేదు.

ఇక కరెంటు పొయ్యి. ఇండక్షను పొయ్యిపై అయస్కాంతము అంటుకొను అడుగు గల పాత్రయే వేడెక్కును. రాగి, ఇత్తడి, అల్యూమినియం దానికి పనికిరావు. అది ఎంత సుళువైనదైనను, గంజాంలో దానినొక్కదానినే నమ్ముకొనుట తెలివి కాదు. 1999 అక్టోబరు 17న, 2013 అక్టోబరు 12న (ఫైలిన్) గోపాలపురం వద్ద తుపానులు తీరము దాటినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఈ జిల్లాను కూడ దెబ్బతీసినది. మూడును అక్టోబరులోనే! తుపాను వచ్చిన దినములలో కరెంటు ఉండదు. గ్యాసు బండి రాదు. కనుక దసరా నాటికి ఒక నిండు బండ, ఒక కుంపటి, కొంచెము పొడి బొగ్గు ఎత్తైనచోట ఉంచుకొనుట మంచిది. అయితే గాలివానకు వెరచి తలుపులన్నియు మూసిన గదిలో బొగ్గుల కుంపటి రాజేయరాదు. దాని నుండి పుట్టు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిదురలోనే ప్రాణము తీయును. వసారాలో గాలి ఆడుచోట వండుకొని, నిప్పు పూర్తిగా ఆర్పిన తరువాతనే కుంపటి లోనికి తేవలెను.

పాత్రలలో మొదట చెప్పవలసినది ఇత్తడి. ఇది రాగి, జింకుల మిశ్రమము. చింతపండు, నిమ్మ, పెరుగు తగిలినచో ఈ లోహములు కరిగి వంటలో చేరును. చిలుము పుట్టును, వాంతులు కలుగును. విందులకు అద్దెకు తెచ్చు పెద్ద గుండిగలతోనే ఈ ప్రమాదము హెచ్చు. వందమందికి పులుసు కాచుటకు ముందు లోపల చేయిపెట్టి చూచువారు ఎందరు? లోపలిభాగము వెండివలె తెల్లగా ఉన్నచో కళాయి ఉన్నట్లు. పసుపుగానో ఎర్రగానో మచ్చలు తేలినచో ఆ పాత్ర పులుపుకు పనికిరాదు.

కళాయి అనగా తగరపు పూత. పాత్రను కాల్చి, నవాసారము చల్లి, తగరము కరగించి దూదితో లోపలంతయు పులుముదురు. తగరము ఖరీదైనది గనుక కొందరు సీసము కలుపుదురు. సీసము విషము, పిల్లలకు మరీ హాని. పరీక్ష సులభమే: మేలిమి తగరపు కడ్డీని చెవిదగ్గర వంచినచో కిరకిరలాడును, సీసము తెల్లకాగితముపై గీచిన బూడిదరంగు గీత పడును. పని మొదలు పెట్టకముందే కడ్డీని అడిగి చూచుట మేలు. బేరము తరువాత.

తగరము 232 డిగ్రీల వేడికే కరుగును. కళాయి పాత్రను నీరులేక పొయ్యిపై పెట్టరాదు; అందులో పోపు వేయరాదు, పూరీలు వేయింపరాదు. అందుకు ఇనుప బాణలి కలదు. గోపాలపురపు ఉప్పుగాలి బరంపురము వరకు తగులును గనుక, ఇనుమును కడిగిన వెంటనే తుడిచి నూనెచేయి రాయనిచో తెల్లవారుసరికి తుప్పే.

కంచు వేరు. సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరము. తినుటకు శ్రేష్ఠము గాని పొయ్యిమీదికి కాదు, జారిపడిన పగులును. గోటితో మీటినప్పుడు బొంగురుగా పలికినచో బీట ఉన్నట్లు. గంజాంలో బెలగుంఠ ఇత్తడి చేపలకు, శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి సామానుకు పేరుగాంచినవి. ఇట్టి పనివారు దగ్గరనుండగా, అమ్మమ్మలనాటి కంచుపళ్ళెములను వీధిలో ఇత్తడి తూకమునకు స్టీలు డబ్బాలకై మార్చుకొనుట శుద్ధ నష్టము. తగరము రాగికంటె ఎంతో ప్రియమని లెక్కతెలిసిన వర్తకుల ఇండ్లలోనే ఇది జరుగుట చిత్రము.

అల్యూమినియం పాత్రల తయారీని 1898లో మదరాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ప్రారంభించెను. 1936 వరకు గంజాం ఆ రాజధానిలోనిదే. ఇవి తేలిక, చౌక. అన్నమునకు సరే, పులుపునకు, ఉప్పు నిలువకు తగవు. సోడాతో తోమినచో లోహమే కరుగును. స్టీలులో మేలైనది 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు గలది. అయస్కాంతము అంటనంత మాత్రాన మేలురకమని నమ్మరాదు. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన హీనరకమునకు కూడ అది అంటదు. ముద్ర, రసీదు, తూకము చూచి కొనవలెను. ఎసరు మరిగిన పిదపనే ఉప్పు వేసినచో అడుగున గుంటలు పడవు.

కుక్కరులో ఆవిరి ఒత్తిడి వలన నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కును. పప్పు త్వరగా ఉడుకుట ఇందువలననే. పప్పునకు సగముకంటె నింపరాదు. నురుగు పొంగి ఆవిరిదారి మూసికొనును.

కాచిన నీరే త్రాగు ఇండ్లలో ఆ నీటిపాత్రకే పని అందరికంటె హెచ్చు. బోరునీటి సున్నము అడుగున తెల్లని పొరగా పేరుకొన్నచో వేడి ఆలస్యముగా ఎక్కి గ్యాసు వృథా అగును. ఇనుప పీచుతో గీకరాదు. ఇందుకు స్టీలు గుండిగయే అనుకూలము. నిమ్మరసము కలిపిన వేడినీరు పోసి రాత్రి ఉంచినచో ఉదయమునకు పొర ఊడివచ్చును. నీరు చల్లార్చు వెడల్పు పరాతును, గుండిగను తడి లేకుండ తుడిచి బోర్లించి, మరునాడు నీరు వడపోయుటకు ముందు ఒకసారి వెలుతురులో లోపల చూచుకొనవలెను.