సందేహపు కోటలో తాళపుచెవి

ధ్యాన భాగములు: కీర్తనలు 23:4, 42, 43, 88



వ్యాధి వచ్చిన మొదటి వారంలో చాలామంది ధైర్యంగానే ఉంటారు. బంధువులు వస్తారు, సంఘ కాపరి వచ్చి ప్రార్థిస్తారు. నెలలు గడిచేకొద్దీ వచ్చేవారు తగ్గుతారు, అప్పు పెరుగుతుంది. నడిరాత్రి నిద్ర పట్టని మనిషికి “ఇక ఈ బ్రతుకు చాలు” అనిపించవచ్చు. దానిపైన “ఇలా అనుకుంటున్నానంటే నాకు విశ్వాసం లేదు” అనే బాధ కూడా చేరుతుంది. ఈ పాఠం అటువంటి వారి కోసం, వారి మంచం పక్కన కూర్చునే వారి కోసం.

చెరసాల ఎరిగినవాడు వ్రాసిన పుస్తకం

తెలుగు సంఘాలలో “యాత్రికుని ప్రయాణము” పేరు వినని పాతతరం విశ్వాసులు అరుదు. దానిని వ్రాసిన జాన్ బన్యన్ (1628–1688) ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డ్ ప్రాంతంవాడు. పాత్రలకు మరమ్మతులు చేసి జీవించేవాడు. అనుమతి లేకుండా వాక్యం బోధించినందుకు 1660లో అతనిని చెరసాలలో వేశారు. బోధ మానతానని మాట ఇస్తే విడిచిపెట్టేవారే, కాని అతడు ఇవ్వలేదు. 1672 వరకు, సుమారు 12 సంవత్సరాలు అక్కడే గడిచాయి. ఇంటి దగ్గర భార్య, నలుగురు పిల్లలు. పెద్ద కుమార్తె మేరి అంధురాలు. అతడు చెరసాలలోనే లేసులు తయారు చేసి ఇంటివారికి ఆధారం కల్పించేవాడు. 1678లో అచ్చయిన ఈ పుస్తకంలో నిరాశను గురించి వ్రాసినది ఊరకే ఊహించి వ్రాసినది కాదు.

1. చీకటిలో ఒక స్వరం

కథలోని యాత్రికుని పేరు క్రైస్తవుడు. అతడు గాఢాంధకారపు లోయలో ఒంటరిగా నడుస్తుంటాడు. దుష్టాత్మ వెనుక నుండి వచ్చి చెవిలో దేవదూషణ మాటలు గుసగుసలాడుతుంది. అవి తన మనసులోనుండే పుట్టాయని అనుకొని అతడు కృంగిపోతాడు. చీకటి తలంపులు వచ్చిన రోగులలో చాలామంది పొరబడేది ఇక్కడే. తలంపు వచ్చినంత మాత్రాన అది మన హృదయపు తీర్మానం కాదు.

అప్పుడు ముందు నుండి ఎవరో 23వ కీర్తన 4వ వచనం పలుకుతున్న స్వరం వినిపిస్తుంది. మనిషి కనబడడు. అయినా క్రైస్తవునికి ధైర్యం వస్తుంది. దేవునికి భయపడేవారు ఈ లోయలో ఇంకా ఉన్నారు, దేవుడు వారితో ఉంటే నాతోనూ ఉంటాడు అనుకుంటాడు. పక్క మంచం మీది రోగి మెల్లగా చదువుకునే కీర్తన కూడా మనకు అలాంటి స్వరమే.

2. బుధవారం నుండి శనివారం వరకు

తరువాత “నిరీక్షణ” అనే సహోదరుడు అతనికి తోడవుతాడు. దారి గరుకుగా ఉండి కాళ్లు నొప్పి పుట్టగా, క్రైస్తవుని సలహా మీద ఇద్దరూ పక్కదారి పడతారు. “నిరాశ” అనే రాక్షసుడు వారిని పట్టుకొని సందేహపు కోటలోని చీకటి కొట్టులో పడవేస్తాడు. బుధవారం ఉదయం నుండి శనివారం రాత్రి వరకు అన్నం లేదు, నీళ్లు లేవు, వెలుతురు లేదు. రాక్షసుడు వారిని కొడతాడు. తరువాత, మీ ప్రాణాలు మీరే తీసుకొనుడని సలహా ఇస్తాడు. క్రైస్తవుడు ఆ మాటకు ఊగిసలాడతాడు.

ఇక్కడ నిరీక్షణ ఏమి చేశాడో గమనించండి. “నీ వలననే ఇక్కడికి వచ్చాము” అని దెప్పలేదు, అతడిని క్షమించాడు. నరహత్య వద్దన్న దేవుని ఆజ్ఞను గుర్తుచేశాడు. రాక్షసుడు ఒకనాడు తలుపు వేయడం మరచిపోవచ్చు, కొంతకాలం ఓర్చుకుందాం అన్నాడు. గతంలో నీవు ఎన్ని భయాలు దాటి వచ్చావో జ్ఞాపకం చేసుకో అన్నాడు. పక్కనుండి కదలలేదు.

శనివారం అర్ధరాత్రి నుండి ఇద్దరూ ప్రార్థించారు. తెల్లవారబోతుండగా క్రైస్తవునికి తన రొమ్మున “వాగ్దానం” అనే తాళపుచెవి ఉందని గుర్తుకొచ్చింది. అది మొదటి నుండీ అక్కడే ఉంది! లోపలి తలుపు సులువుగా తెరుచుకుంది. బయటి ఇనుప గేటు మాత్రం చాలా కష్టం మీద తెరుచుకుంది. తాళపుచెవి గుర్తుకొచ్చేవరకు అతడిని బ్రతికించి ఉంచినది దేవుడు తోడుగా ఇచ్చిన సహోదరుడే.

3. చీకటితో ముగిసే కీర్తన

మొరపెట్టే కీర్తనలలో చాలావరకు చివరకు స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన అలా తిరగదు, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. అయినా దానిని పాడినవాడు మొదటి వచనంలోనే దేవుణ్ణి తన రక్షణకర్తగా పిలుస్తాడు, పగలూ రాత్రీ ఆయనకే మొరపెడతాడు. అటువంటి మొరను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. కనుక నవ్వు ముఖం పెట్టుకొని ప్రార్థించనవసరం లేదు. 42, 43 కీర్తనలలో భక్తుడు కృంగిన తన ప్రాణంతో మూడుసార్లు ఒకే మాట చెప్పుకుంటాడు. ఒకసారికి మనసు తేరుకోకపోతే మళ్లీ చెప్పుకోవచ్చు.

మనం చేయవలసినది

దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే, నిద్ర, ఆకలి తప్పితే డాక్టరుగారికి చెప్పండి. డిప్రెషన్ ఒక వ్యాధి, దానికి వైద్యం ఉంది. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. చనిపోవాలనే తలంపు వస్తే ఆ రోజే ఎవరితోనైనా చెప్పండి. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంటివారికి ఒక మాట. ఆ మనిషిని ఒంటరిగా విడువకండి. పురుగుమందు, ఎక్కువ మాత్రలు అందకుండా తీసివేయండి. “నీకు విశ్వాసం చాలదు” అనకండి. పక్కన కూర్చొని ఒక చిన్న కీర్తన చదవండి.

కోట నుండి తప్పించుకున్న ఆ ఇద్దరు, వెనుక వచ్చేవారిని హెచ్చరించడానికి దారిలో ఒక స్తంభం నిలిపారు. స్వస్థపడి ఇంటికి వెళ్లిన సహోదరులారా, మీ మాట కోసం వార్డులో ఇంకొకరు ఎదురుచూస్తున్నారు.

ప్రార్థన: ప్రభువా, మా చీకటిలో నీవున్నావని మేము మరచినప్పుడు, జ్ఞాపకం చేసే ఒక మనిషిని మా పక్కకు పంపుము. ఇంకొకరికి మమ్మును అటువంటి వారిగా చేయుము. ఆమేన్.