మడమ నేలకానే దాకా

మానవుడు నడిచేటప్పుడు ముందుగా మడమ నేలను తాకుతుంది. పిదప అరికాలు, చివరకు మునివేళ్లు. కొందరు పిల్లలకు ఈ క్రమం లభించదు. పిక్క కండరం బిగిసి మడమను పైకి లాగగా, వారు మునివేళ్లపై తూలుతూ నడుస్తారు. పిక్కను మడమ ఎముకతో కలిపే తెల్లని గట్టి పట్టీని స్నాయుబంధనం అంటారు. దానిని పొడిగించే శస్త్రచికిత్సను గురించి ఇక్కడ కొంత ముచ్చటిస్తాము.

ఈ విద్య చరిత్రలో మమ్ము మిక్కిలి ఆకర్షించినవాడు విలియం జాన్ లిటిల్. 1810లో లండన్‌లో జన్మించిన ఈయనకు బాల్యంలోనే పోలియో సోకి పాదం వంకరపోయింది. వైద్యుడైనా ఆ అవిటితనం వదలలేదు. ఆ రోజులలో స్నాయుబంధనాన్ని కోయటమంటే వైద్యులకే భయం. తెరచిన గాయం చీము పట్టేది. జర్మనీలోని హానోవర్‌లో స్ట్రోమేయర్ అనే శస్త్రవైద్యుడు 1831లో చర్మానికి చిన్న రంధ్రం మాత్రమే చేసి, సన్నని కత్తిని లోనికి పోనిచ్చి బంధనాన్ని ఖండించాడు. 1836లో లిటిల్ ఆయన వద్దకు వెళ్లి తన పాదాన్నే అప్పగించాడు. ఈథర్ మత్తు లోకానికి వెల్లడైనది 1846లో అని గుర్తు చేసుకుంటే ఆ సాహసం ఎంతటిదో బోధపడుతుంది. పాదం చక్కబడింది. రోగిగా వెళ్లినవాడు ఆ విద్యను నేర్చి 1837లో ఇంగ్లండులో తానే ప్రయోగించాడు. కష్టప్రసవానికీ శిశువుల కాళ్ల బిగువుకూ గల సంబంధాన్ని 1862లో ప్రకటించినవాడూ ఆయనే. నేడు సెరిబ్రల్ పాల్సీ అనే ఆ స్థితికి చిరకాలం లిటిల్ వ్యాధి అనే పేరుండేది.

ఆ స్థితిలో దోషం మెదడులో ఉంటుంది. కత్తి పడేది కాలి మీద. కనుక ఈ చికిత్స వ్యాధిని మాన్పదు, నడకను మాత్రమే సులభం చేస్తుంది. ఎముకతో సమంగా బిగిసిన కండరం పెరగదు గనుక, ఎదిగే పిల్లలలో బిగువు మళ్లీ రావచ్చు.

బంధనాన్ని అడ్డంగా తెగగొట్టక, నడుమ నిలువునా చీల్చి, పైన ఒక ప్రక్క, క్రింద మరొక ప్రక్క సగం కోసి, రెండు పాయలనూ జార్చి కుట్టటం ఒక పద్ధతి. చిక్కంతా ఎంత జార్చాలన్న దగ్గరే. పొడవు మితిమీరితే పిక్క బలం నశించి, మోకాళ్లు వంగి, పిల్లవాడు క్రుంగి నడుస్తాడు. మా దృష్టిలో అది మునివేళ్ల నడకకంటె దుర్భరం. దానిని సరిదిద్దటం మరీ కష్టం. అందుకే నేటి వైద్యులు ముందుగా నడకను చిత్రీకరించి, తుంటి, మోకాలు, చీలమండలను కలిపి పరిశీలించి, అవసరమైన సవరణలను ఒకేసారి చేయటానికి మొగ్గు చూపుతారు.

కొన్ని వారాల తరువాత కట్టు విప్పేసరికి కాలు బలహీనంగా ఉంటుంది. మడమ మోపటం పిల్లవాడు మొదటినుండి నేర్చుకోవాలి. నెలల తరబడి వ్యాయామం చేయించటం, చాలామందికి రాత్రివేళ కాలికి ఆధారపు పట్టా తొడగటం ఇంట్లోవారి వంతు.