రీమ్యాప్ చేయిస్తే వారంటీ నిలుస్తుందా?

ప్రశ్న: టర్బో పెట్రోల్ కారు కొని ఏడాదైంది. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) సాఫ్ట్‌వేర్‌ను మార్పించి, అంటే రీమ్యాప్ చేయించి, సర్వీసుకు ముందు పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేయిస్తే షోరూమ్‌వాళ్లకు తెలియదంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ మాట నమ్మకండి. సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు మార్చారో చాలా కార్ల ఈసీయూల్లో నమోదవుతుంది. పాతది మళ్లీ వేసినా ఆ లెక్క తగ్గదు. అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్, ఆడి డీలర్ల దగ్గర ఇలాంటి తేడా బయటపడితే కారు రికార్డులో ‘టీడీ1’ అనే గుర్తు పడుతుంది. ఆపైన ఇంజన్, గేర్‌బాక్స్ క్లెయిములు దక్కడం కష్టమే. ఈసీయూను ముట్టుకోని ట్యూనింగ్ బాక్స్ పెట్టుకుంటే సరిపోదా అని అడగవచ్చు. అది సెన్సర్ సంకేతాలను మార్చి బూస్ట్ పెంచుతుంది. బాక్స్ తీసేసినా, అది టర్బో, పిస్టన్లు, క్లచ్ మీద మోపిన అదనపు వేడి, భారం మిగిల్చిన అరుగుదల ఎక్కడికీ పోదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం కొనుగోలుదారుకు అండగా ఉన్న మాట నిజమే. కానీ మార్పు వల్లే వచ్చిన నష్టాన్ని అది కూడా కంపెనీ నెత్తిన వేయదు. వారంటీ చెక్కుచెదరని దారి ఒక్కటే: వోల్వో తన కార్లకు అందించిన పోల్‌స్టార్ సాఫ్ట్‌వేర్‌లా, తయారీదారు స్వయంగా ఆమోదించిన అప్‌గ్రేడ్. మీ మోడల్‌కు అలాంటిది లేకపోతే వారంటీ ముగిసేదాకా ఆగండి. అప్పుడైనా చేయించే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.