గట్టు మీద నిప్పు, పక్కనే గుట్ట

ప్రశ్న: చెనక్కాయ తీసేశాక గట్ల మీద ఎండుగడ్డి తగలబెట్టాలనుకుంటున్నాం. పక్కనే అటవీ శాఖ గుట్ట ఉంది. కేసు అవుతుందా? ఊరి కుర్రాళ్లం మంటలార్పే జట్టు పెట్టుకోవచ్చా?
– ఒక రైతు, రొళ్ల మండలం

జవాబు: కేసు కావచ్చు. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడమే కాదు, అడవికి ప్రమాదం కలిగేలా పక్కన రాజేయడమూ నేరమే. అజాగ్రత్తగా పెట్టిన నిప్పు మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.2,000 దాకా జరిమానా, లేదా రెండూ.

నా మాట వింటే అసలు కాల్చకండి. ఆ గడ్డి కోసి మడిలో మల్చింగుగా పరవండి. మీలాంటి వానలు తక్కువ పడే నేలకు ఆ కాస్త సేంద్రియమే బలం. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే ఏడాది పొడుగునా పశువులకు దాచుకున్న చెనక్కాయ కట్టె వామి బూడిదవుతుంది.

జట్టు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మందు కొట్టే స్ప్రేయర్లలో నీళ్లు నింపి ఉంచండి. అవి బాగా కడిగినవై ఉండాలి. తడి గోనెసంచులు, పచ్చి వేప మండలు చాలు. మంట గుట్ట పైకి వేగంగా పాకుతుంది కాబట్టి దానికి ఎగువన ఎవరూ నిలబడకూడదు. వామికి చుట్టూ గడ్డి చెక్కి ఖాళీ జాగా వదలండి. మంట కనబడగానే ముందు 101కి ఫోన్ చేయండి, తర్వాతే బిందె ఎత్తండి.