నీట్ రానివాళ్లకు మిగిలిన కొలువు కాదిది

పిల్లను ఇంటర్ బైపీసీలో చేర్చిన రోజే ఇంట్లో ఒక లెక్క ఖాయమైపోతుంది. వైద్యరంగం అంటే ఎంబీబీఎస్. అది రాకపోతే బీడీఎస్, అదీ అందకపోతే ఆయుర్వేదమో హోమియోనో, ఏదీ కాకపోతే హాస్టల్లో పెట్టి ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే. దేశం మొత్తానికి ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఇరవై మందికి ఒక సీటు చొప్పున కూడా రాదు. ఈ లెక్క తెలిసిన తల్లిదండ్రులే మూడోసారి ఫీజు కట్టి, పద్దెనిమిదేళ్ల పిల్ల నిద్రను కూడా మార్కుల్లో కొలుస్తున్నారు. ఆ సీటు తప్పితే ఆరోగ్యరంగంలో చెప్పుకోదగ్గ పనే లేదన్న అపోహే దీనంతటికీ మూలం. అది ఎంత పొరపాటో తెలియాలంటే ప్రజారోగ్య ప్రచార రంగాన్ని కాస్త నిదానంగా చూడాలి. జనం పిల్లలకు టీకా వేయించడం, సిగరెట్ మానడం, ఇచ్చిన మాత్ర నిజంగా మింగడం, రోగం ముదరకముందే పరీక్షకు రావడం ఇవన్నీ జరిగేలా చూసే పని అది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఐఈసీ (ఇన్ఫర్మేషన్, ఎడ్యుకేషన్, కమ్యూనికేషన్) అంటారు, యునిసెఫ్ లాంటి సంస్థల్లో ఎస్‌బీసీ (సోషల్ అండ్ బిహేవియర్ చేంజ్) అంటారు.

ఈ మాట చెప్పగానే పెద్దలకు తట్టేది పోస్టరు, ఆటోకు కట్టిన మైకు, ఒక సినిమా హీరో. దానికి మళ్లీ పీజీ ఎందుకని అడుగుతారు. పోలియో చరిత్ర చూస్తే ఎందుకో తెలుస్తుంది. పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఏడేళ్ల తర్వాత, 2002లో దేశంలో 1,600 కేసులు వచ్చాయి, అందులో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌వే. ఆ తర్వాత అమితాబ్ బచ్చన్ టీవీలో బతిమాలాడు, కోప్పడ్డాడు కూడా. చుక్కల సంగతి తెలియని ఇల్లు లేదు. అయినా 2009లో 741 కేసులు, ఆ ఏడాది ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని లేవు. అంటే తెలియజేసే పని ఎప్పుడో పూర్తయింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకోలేదో కనుక్కున్నది ఇల్లిల్లూ తిరిగిన స్థానిక మహిళలు. యునిసెఫ్, దాని భాగస్వామ్య సంస్థలు కలిసి నడిపిన సామాజిక సమీకరణ వ్యవస్థలో వాళ్లు వేల మంది పనిచేశారు. చుక్కలు పడని ఇంటి గోడ మీద ఎక్స్ గుర్తు వేసి ఊరుకోకుండా ఆ ఇంటి కారణాన్ని విడిగా రాసుకున్నారు. ఒకచోట ఈ మందుతో పిల్లలు పుట్టరన్న పుకారు. ఇంకోచోట బిడ్డ నిద్రలో ఉందన్న సాకు. మరోచోట మురుగు కాలువ బాగుచేయమంటే రాని సర్కారు, చుక్కలు వేయడానికి మాత్రం నెలనెలా ఎందుకొస్తోందన్న కోపం. ఈ మూడింటికీ ఒకే పోస్టరు జవాబు కాదు. పుకారున్న చోట మతపెద్దలను, జామియా మిలియా, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాలను కలుపుకొన్నారు. కోపమున్న చోట ఆరోగ్య శిబిరాలు పెట్టారు, విరేచనాల గురించి, పరిశుభ్రత గురించి కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. 2010లో మెరుగైన కొత్త చుక్కల మందు రావడమే అసలు కారణమని వాదించేవాళ్లున్నారు. ఆ మందు లేకుండా గెలిచేవాళ్లం కాదన్నది నిజమే. అయితే ఎంత మంచి మందైనా తలుపు తీయని ఇంట్లోని బిడ్డ నోట్లో పడదు కదా.

రెండో వైపు కూడా చూడాలి. డబ్బు పోస్తే ప్రచారం పనిచేస్తుందనుకునేవాళ్లకు అమెరికా అనుభవం చేదుగా ఉంటుంది. అక్కడి ప్రభుత్వం 1998 నుంచి 2004 వరకు యువతను మాదకద్రవ్యాల నుంచి దూరం పెట్టడానికి వంద కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టి టీవీ ప్రకటనలు నడిపింది. రాబర్ట్ హార్నిక్ బృందం 2008లో అచ్చువేసిన మూల్యాంకనంలో ఆ ప్రకటనలు గంజాయి వాడకాన్ని తగ్గించిన జాడ కనిపించలేదు. ఎక్కువసార్లు చూసిన పిల్లల్లో కొంత ఎదురు ఫలితం కూడా కనబడింది. ఇన్నిసార్లు వద్దంటున్నారంటే అందరూ వాడుతున్నారన్నమాట అని వాళ్లకు అర్థమై ఉండొచ్చన్నది పరిశోధకుల ఊహ. అదే అమెరికాలో 2012లో మాజీ పొగరాయుళ్లు తమ జబ్బుల గురించి స్వయంగా చెప్పిన ప్రచారం ఫలించింది. దాని ప్రభావంతో అదనంగా 16 లక్షల మంది మానడానికి ప్రయత్నించారని అంచనా. అక్కడ తెర మీద కథతోపాటు ఫోన్ చేస్తే సాయం దొరికే నంబరు కూడా ఉంది. 2010లో లాన్సెట్ పత్రికలో మెలనీ వేక్‌ఫీల్డ్ తదితరులు దశాబ్దాల ప్రచారాలను సమీక్షించి చెప్పింది ఇదే. టీకా, పరీక్ష వంటి ఎప్పుడో ఒకసారి చేసే పనులకు ప్రచారం బాగా పనిచేస్తుంది, రోజువారీ అలవాట్ల దగ్గర తడబడుతుంది. సేవలు అందుబాటులో ఉండి, చట్టం తోడైతే దాని బలం పెరుగుతుంది. మన దేశంలో పొగాకు వాడే పెద్దల వాటా 2009-10లో 34.6 శాతం, 2016-17 నాటికి 28.6 శాతం. సినిమా హాల్లో విసుక్కుంటూ చూసే ఆ పొగాకు వ్యతిరేక ప్రకటనకు ఇందులో ఎంత వాటా, సిగరెట్ పెట్టె మీది బొమ్మకు ఎంత, పెరిగిన పన్నుకు ఎంత? ఈ ప్రశ్నకు జవాబు వెతకడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. అందుకే స్టాటిస్టిక్స్ అంటే మొహం తిప్పేసే పిల్లలను ఇటు రమ్మనను.

మన దగ్గర ఈ పని ఎంత మిగిలి ఉందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతానికి, తెలంగాణలో 57.6 శాతానికి రక్తహీనత. ఐరన్ మాత్రలు ఉచితం. ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చిస్తుంది. అవి డబ్బాలో అలాగే ఉండిపోతాయి. వికారం, నల్లటి విరేచనం, బిడ్డ నల్లగా పుడుతుందన్న భయం, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న అత్తగారి మాట, భోజనం కాగానే తాగే టీ... ఇన్ని కారణాలు అడ్డుపడుతుంటే గోడ మీద ‘రక్తహీనతను తరిమికొడదాం’ అని రాసి ఏం లాభం? వికారమైతే ఏ వేళకు మింగాలో చెప్పాలి, నలుపు మామూలేనని ముందే హెచ్చరించాలి, అత్తగారినీ పక్కన కూర్చోబెట్టాలి. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 80 దాటాయి. ముహూర్తం, నొప్పుల భయం, ఆసుపత్రి సౌలభ్యం, బిల్లు ఇవన్నీ ముడిపడిన చోట ‘సహజ ప్రసవమే మేలు’ అన్న హోర్డింగ్ ఒక్కటే పెడితే నింద తల్లి మీద పడుతుంది. అక్కడ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉండాలి, ఆమె ఉందన్న సంగతి గర్భిణికి నాలుగో నెలలోనే తెలియాలి. పాతికేళ్లు తిరగకముందే మరిచిపోయాం గానీ, పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అంటూ ప్రచారానికి పెట్టిన ప్రశ్న ఒకప్పుడు మన బస్టాండుల్లో అందరి నోళ్లలో నానింది. నలుగురిలో ఉచ్చరించడానికే జంకిన జబ్బు పేరును టీ కొట్టు దాకా తెచ్చింది. కుతూహలం రేపడంలో దానికి వందకు వంద మార్కులు. కుతూహలం నుంచి పరీక్షా కేంద్రం దాకా ఉన్న దారి వేరొకరు వేయాల్సిందే, ఆ ‘వేరొకరి’ గురించే ఈ వ్యాసం.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి. మొదటిది, కొత్తగా మొదలైన పరుగు. హెల్త్ కంటెంట్ క్రియేటర్, మెడికల్ డిజిటల్ మార్కెటింగ్ అంటూ మూడు నెలల సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని కరపత్రం మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. అవి నేర్పేది చాలావరకు రీల్స్ ఎడిటింగ్, ప్రకటనల బడ్జెట్ లెక్కలు. నెలరోజులు యూట్యూబ్ ముందు కూర్చుంటే వచ్చే విద్యకు యాభై అరవై వేలు కట్టడం దండగ. పైగా ఆ దారి చివర దొరికేది సాధారణంగా కార్పొరేట్ ఆసుపత్రి మార్కెటింగ్ విభాగం. అక్కడ పనితనాన్ని కొలిచేది ఎంతమంది హెల్త్ చెకప్ ప్యాకేజీ కొన్నారన్న లెక్కతో. అదీ ఉద్యోగమే, తప్పులేదు. కానీ అవసరం లేని పరీక్ష చేయించుకోవద్దని చెప్పాల్సిన వృత్తిని, దాన్ని అమ్మే వృత్తినీ ఒకే గాటన కట్టి పిల్లల్ని చేర్పించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఇన్‌ఫ్లుయెన్సర్ అయిపోతానని ఉత్సాహపడేవాళ్లకు ఇంకో మాట. మధుమేహం నయం చేస్తామంటూ పొడులకు ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. 2023 నుంచి ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతేమిటో బయటపెట్టాలని కేంద్రం మార్గదర్శకాలు కూడా ఉన్నాయి.

రెండో జాగ్రత్త ఇంకా ఖరీదైనది. బీడీఎస్, ఫార్మసీ పూర్తిచేసి అమెరికాలో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)కు వెళ్లే మన పిల్లలు తక్కువేమీ కాదు. పొలమో ఫ్లాటో తాకట్టు పెట్టి పంపేముందు తల్లిదండ్రులు రెండు సంగతులు కనుక్కోవాలి. ఎంపీహెచ్‌లో ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ లాంటి విభాగాలకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాలున్నాయి. ఆరోగ్య విద్య, ప్రచారం వైపు విభాగాలకు చాలాచోట్ల ఉండదు. ఆ గుర్తింపు లేకపోతే చదువయ్యాక అక్కడ పనిచేయడానికి దొరికేది ఒక్క ఏడాదే, మూడేళ్లు కాదు. ఇక 2025లో అక్కడి కేంద్ర ఆరోగ్య శాఖ వేల ఉద్యోగాలు తీసేసింది. అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడిన దెబ్బ మన దాకా వచ్చింది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం నడిచిన మిత్ర్ క్లినిక్ కూడా ఆ నిధులు ఆగి తలుపులు మూసుకుంది. అప్పు తీర్చే ధీమా ఉంటే తప్ప ఈ చదువుకు విదేశం అక్కర్లేదని నా అభిప్రాయం. తెలుగు ఊళ్లలో జనం ఎందుకు మాత్ర మింగరో బోస్టన్‌లో నేర్పలేరు.

జీతం సంగతి దాచను. జిల్లా స్థాయి ఐఈసీ కన్సల్టెంటు ఉద్యోగాల్లో చాలా భాగం జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒప్పందం మీదివి. ఏటా పొడిగింపు కోసం ఎదురుచూడాలి. హెల్త్ ఎడ్యుకేటర్, అందరూ డెమో అని పిలిచే జిల్లా విస్తరణ, మాధ్యమ అధికారి వంటి పర్మినెంటు పోస్టులున్నాయి గానీ వాటి నోటిఫికేషన్ కోసమే వయసు కరిగించుకోవద్దు. స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ఉన్నంత కాలమే కొలువు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి మొదటి జీతంతో పోల్చుకుంటే బాధే. అనుభవం పెరిగాక యునిసెఫ్, పరిశోధన సంస్థలు, మూల్యాంకన కన్సల్టెన్సీల్లో పరిస్థితి బాగా మెరుగవుతుంది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు యునిసెఫ్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఇంటికి నెలనెలా డబ్బు వెంటనే పంపాల్సిన పరిస్థితిలో ఉన్న పిల్లలను ఈ దారిలోకి తోయడం అన్యాయం. నర్సింగ్ చేసి ఉద్యోగంలో కుదురుకున్నాక ఇటు రావచ్చు, అలా వచ్చినవాళ్లకు విలువ కూడా ఎక్కువే. డాక్టరు చెబితే వినే జనం వీళ్ల మాట వింటారా అని ఇంకో అనుమానం. ఉత్తరప్రదేశ్‌లో తలుపులు తెరిపించినవాళ్ల మెడలో స్టెతస్కోపులు లేవు, వాళ్లది ఆ వీధే.

దారుల్లో నాకు ఇష్టమైనవి చెబుతాను. చాలామంది చిన్నచూపు చూసే కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ మొదటిది. ఒకప్పటి హోం సైన్సే. హైదరాబాద్ సైఫాబాద్‌లో, గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయాల కింద కాలేజీలున్నాయి. పోషకాహారం, విస్తరణ, గ్రామీణ అనుభవం ఒకే గొడుగు కింద దొరుకుతాయి. నర్సింగ్, సోషల్ వర్క్, జర్నలిజం నుంచి వచ్చినా ఫరవాలేదు. ఆపైన ఎంపీహెచ్ రెండేళ్లు, అర్హత సంస్థను బట్టి మారుతుంది కాబట్టి ప్రాస్పెక్టస్ చూసుకోండి. ప్రభుత్వ సంస్థలను ముందు ప్రయత్నించమంటాను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం పేరున్నవి. హైదరాబాద్‌లోని భారత ప్రజారోగ్య సంస్థ ప్రైవేటు రంగంతో కలిసి నడుస్తుంది, ఫీజు చూసుకుని వెళ్లండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది. ఎక్కడ చేరినా కాలేజీ భవనం చూసి మురిసిపోకుండా, రెండేళ్లలో ఊళ్లలో ఎన్ని వారాలు పనిచేయిస్తారు, నిరుటి విద్యార్థులు ఏ అంశం మీద ప్రాజెక్టు చేశారు అని అడగండి. సమాధానం నీళ్లు నమిలినట్లుంటే వెనక్కి వచ్చేయండి. తెలుగు రాయడం, ధారాళంగా చదవడం రాని అభ్యర్థికి ఇక్కడ చేతులు సగం కట్టేసినట్లే. కార్పొరేట్ బడుల్లో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుని మార్కులు కొట్టినవాళ్లు ఆ లోటు ఇప్పుడైనా పూడ్చుకోవాలి.

డిగ్రీలో ఉన్నవాళ్లు ఈ సెలవుల్లో ఒక పని చేసి చూడొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌వి పాత 13 జిల్లాల లెక్కనే ఉన్నాయని గుర్తుంచుకోండి. మీ జిల్లాలో బాగా వెనకబడిన అంకె ఒకటి ఎంచుకుని, మీ వీధిలో పదిమందిని అడిగి, అది ఎందుకలా ఉందో తెలుగులో రెండు పేజీలు రాయండి. సలహా ఒక్కటి కూడా ఇవ్వొద్దు, విన్నదే రాయండి. ఆ పని విసుగనిపిస్తే, రెండేళ్ల ఎంపీహెచ్ ఫీజు కట్టకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.