'పంపడం మరచిపోయాము' — ఇంగ్లీషులో ఎలా?



ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో నేర్చిన మన యౌవనస్థులకు ఉద్యోగంలో చేరగానే ఇంగ్లీషు ఉత్తరాలు వ్రాయవలసి వస్తుంది. అక్కడ తరచుగా కలిగే సందేహం ఇది: ఒక క్రియ వెంట మరొక క్రియ వస్తే రెండవదానికి ముందు 'టు' పెట్టాలా, చివర 'ఇంగ్' చేర్చాలా? 'టు సెండ్' అనేది ఇన్ఫినిటివ్, 'సెండింగ్' అనేది జెరండ్.

చాలాచోట్ల ఇది తప్పినా భావం తెలుస్తుంది. కొన్నిచోట్ల మాత్రం అర్థమే తారుమారవుతుంది. అక్కడ మన తెలుగే మనలను తప్పుదారి పట్టిస్తుంది.

ఒక వ్యాపారికి చెక్కు పంపవలసి ఉండి పంపలేదనుకోండి. 'చెక్కు పంపడం మరచిపోయాము' అంటాము. పంపడమంటే సెండింగే గదా అని 'వి ఫర్‌గాట్ సెండింగ్ ది చెక్' అని వ్రాస్తే, చెక్కు పంపాము గాని పంపిన సంగతి జ్ఞాపకం లేదని అర్థం! పాపం, అవతలివారు రాని చెక్కు కోసం లెక్కల పుస్తకాలన్నీ వెదకుతారు. 'వి ఫర్‌గాట్ టు సెండ్' అని వ్రాయాలి.

'రిమెంబర్ టు సైన్' అంటే సంతకం చేయడం మరువవద్దని. 'ఐ రిమెంబర్ సైనింగ్' అంటే చేసినట్టు జ్ఞాపకముందని. ఈ రెండు క్రియల తర్వాత, చేయవలసిన పనికి 'టు', జరిగిపోయిన పనికి 'ఇంగ్'.

ఉద్యోగం ఇవ్వలేమని చెప్పే ఉత్తరాలలో 'వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యు' అని ఉంటుంది. (అది చూశాక మిగిలినది చదవబుద్ధి కాదు!) 'రిగ్రెట్ ఇన్‌ఫార్మింగ్' అంటే 'మీకు ఎందుకు చెప్పామా' అని బాధపడడం.

'స్టాప్' దగ్గర తెలుగు మేలే చేస్తుంది. 'సరుకు పంపడం ఆపాము' అంటే 'స్టాప్డ్ సెండింగ్'. 'ఫోను చేయడానికి ఆగాము' అంటే 'స్టాప్డ్ టు ఫోన్'.

మిగిలినవి వాడుకలో పట్టుబడవలసినవే. అగ్రీ, ప్రామిస్, రెఫ్యూజ్, డిసైడ్ తర్వాత 'టు'. అవాయిడ్, ఫినిష్, కన్సిడర్, సజెస్ట్ తర్వాత 'ఇంగ్'. 'ఐ సజెస్ట్ టు మీట్' అనరాదు.

ఇక ఉత్తరం చివర వ్రాసే 'లుక్ ఫార్వర్డ్ టు'. ఇందులోని 'టు' ఇన్ఫినిటివ్‌ది కాదు. దాని తర్వాత 'యువర్ రిప్లై' వంటి నామవాచకం పెట్టి చూడండి, చక్కగా ఇముడుతుంది. అందుకే 'టు హియరింగ్ ఫ్రమ్ యు' అని వ్రాస్తాము.

అభ్యాసం: 'రసీదు తీసుకోవడం మరచిపోయాను', 'రసీదు తీసుకున్నట్టు జ్ఞాపకముంది' — ఈ రెండూ ఇంగ్లీషులో వ్రాసి చూడండి.