పురుగుమందులు - కణముల మరమ్మతు శక్తి

మన దేహము లెక్కకు మిక్కిలియగు కణములతో ఏర్పడినది. దాదాపు ప్రతి కణమునందును వంశలక్షణములను నిలుపు డి.ఎన్.ఏ. అను సన్నని పోగు గలదు. ఎక్స్-కిరణముల వంటివి సోకినప్పుడు ఈ పోగు అక్కడక్కడ తెగును. కణము తెగినచోట తానే అతుకు వేసికొనును. ఈ మరమ్మతు సక్రమముగా జరిగినంతకాలము హాని స్వల్పము.

పురుగుమందులు ఈ శక్తినే దెబ్బతీయగలవని కొన్ని పరిశోధనలు సూచించుచున్నవి. 1999 లో వెలువడిన ఒక పరిశోధనలో, కోస్టారికా దేశమున పలువిధములగు మందులతో పనిచేసిన 20 మంది రైతుల రక్తకణములను, అట్టి సంపర్కము లేని 20 మంది కణములతో పోల్చిచూచిరి. ప్రయోగశాలలో కిరణములను సోకించి పరీక్షింపగా, రైతుల కణములలో మరమ్మతు సరిగా సాగలేదని తేలినది. అనగా మందు తగిలిన కణము, పిమ్మట వచ్చు దెబ్బకు తట్టుకొనజాలదు. సరిగా అతుకని పోగులు కాలక్రమమున కాన్సరు వ్యాధికి దారితీయవచ్చును. 20 మందిని చూచి అందరికిని ఇట్లే జరుగునని నిర్ణయింపరాదు. కాని జాగ్రత్త వహించుటకు ఈ హెచ్చరిక చాలును.

వైద్యుడు కోరిన ఎక్స్-రే పరీక్షను మానరాదు. మానవలసినది మందు ఒంటికి తగులుట. వట్టిచేతులతో మందు కలుపరాదు. గాలికి ఎదురుగా పిచికారి చేయరాదు. చేతితొడుగులు, ముసుగు, నిండుచేతుల చొక్కా ధరింపవలెను. పని ముగియగనే సబ్బుతో స్నానముచేసి, ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలుపక వేరుగా ఉతుకవలెను. పైరును కాపాడుకొను రైతు తన దేహమును సైతము కాపాడుకొనవలెను గదా!